గెట్టు మీద దిక్సూచి



నకిరేకల్ చుట్టుప్రక్కల ఏ రచ్చకట్ట మీద కూర్చున్నా, వానల ముచ్చట అయిపోగానే వచ్చేది గెట్టు పంచాయితీయే. చెలక దున్నేటప్పుడు నాగలి ఒక చాలు ఇటు జరిగింది. మరుసటి ఏడు ట్రాక్టరు ఇంకొక చాలు జరిపింది. ఆ మరుసటి ఏడు మూలనున్న హద్దురాయి జె.సి.బి. తొట్టికి చిక్కి ఎటో పోయింది. అప్పటిదాకా ఒకే బావి నీళ్ళు పంచుకొన్న దాయాదులు ఠాణా మెట్లెక్కుతారు. ఈ తగవును తీర్చే మంత్రం నా దగ్గర లేదు. కాని రాయి ఉన్న రోజుననే, అది ఏ దిక్కున ఎంత దూరాన ఉన్నదో వ్రాసి పెట్టుకొనే ఉపాయం ఒకటి ఉన్నది. దానికి కావలసినది అరచేతిలో ఇమిడే చూపు దిక్సూచి.

సర్వేయర్లు దీనిని ప్రిస్మాటిక్ కంపాసు అంటారు. లండన్‌లో పనిముట్లు చేసే షమాల్కాల్డర్ అనే ఆయన 1812లో దీనికి పేటెంటు పొందినాడు. రెండు వందల ఏండ్లు దాటినా దీని పొందిక పెద్దగా మారలేదు. గుండ్రని ఇత్తడి డబ్బీ, లోపల అయస్కాంతపు ముల్లు, ముల్లు మీద అతికించిన అంకెల చక్రం. డబ్బీకి ఒక ప్రక్క నిలబెట్టే రేకు, ఆ రేకు నడుమ సన్నని వెంట్రుక. ఎదుటి ప్రక్క కన్ను ఆనించే సందు, దాని క్రింద మూడు పలకల గాజు ముక్క, అంటే పట్టకం. వెంట్రుకతో దూరపు వస్తువును చూస్తూనే, తల తిప్పకుండా పట్టకంలో అంకెను చదువుకోవచ్చు. ఈ పనిముట్టు గొప్పదనమంతా అంతే.

అంకెలు ఉత్తరం నుండి కుడివైపుగా నడుస్తాయి. ఉత్తరం సున్న, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. పైనుండి చూస్తే అంకెలు తిరగబడి, ఉత్తరపు కొస దగ్గర 180 కనబడుతుంది. పనిముట్టు పాడైందని దుకాణానికి పరుగెత్తకండి. పట్టకంలో సరిగా కనబడటానికే అట్లా అచ్చు వేస్తారు.

పట్టే పద్ధతి చెబుతాను. హద్దురాయికి సరిగ్గా పైన నిలబడండి. మోచేతులు డొక్కలకు ఆనించి, డబ్బీని మట్టంగా పట్టండి. వంగితే చక్రం గాజుకు తగిలి ఆగిపోతుంది, తప్పు అంకె చూపుతుంది. చక్రం ఊగుతుంటే ప్రక్కనున్న చిన్న బొడిపెను మెల్లగా నొక్కి వదలండి. రెండవ రాయి మీద ఒక మనిషిని నిటారైన కర్రతో నిలబెట్టి, కర్ర మొదలుకు వెంట్రుక కలిసేటట్లు చూసి అంకె చదవండి. ఒక్కసారి చదివి వదలవద్దు. డబ్బీ దించి, మళ్ళీ ఎత్తి, మూడుసార్లు చూడండి.

ఇప్పుడు అసలు సంగతి. చేతిలో పట్టి చూసే కంపాసు ఎంత మంచిదైనా అర డిగ్రీ కంటె సన్నగా చదవటం కష్టం. డిగ్రీ ఎంతని తేలికగా తీసివేయకండి. లెక్క చూడండి. మన గుంట 33 అడుగుల చదరం, అంటే 121 చదరపు గజాలు. ఇటువంటివి 40 అయితే ఎకరం. గెట్టు పొడుగు 330 అడుగులనుకుందాం. చూపు ఒక్క డిగ్రీ తప్పితే ఆ కొసన గీత అయిదున్నర అడుగులకు పైగా జరుగుతుంది. ఆ ముక్కోణపు నేల దాదాపు 950 చదరపు అడుగులు. అంటే ఇంచుమించు ఒక గుంట! మూడు డిగ్రీలు తప్పితే రెండున్నర గుంటలు దాటుతుంది. రోడ్డు ప్రక్క భూమిలో గుంట ధర ఎంతో మీకు నేను చెప్పనక్కరలేదు.

మరి చూపు తప్పటానికి కారణాలేమిటి? మొదటిది మన ఒంటి మీదనే ఉంటుంది. నడుముకు కొడవలి, జేబులో తాళంచెవులు, మొబైలు ఫోను, చేతికి ఇనుప కడియం. రెండవది చుట్టూ ఉండేది: ముళ్ళ తీగ కంచె, బోరు మోటారు, ట్రాన్స్‌ఫార్మరు, ఆగి ఉన్న ట్రాక్టరు. వీటికి దూరంగా జరిగితే సరిపోతుంది. మూడవది మాత్రం భూమిలోనే ఉన్నది.

నల్లగొండ జిల్లా నేల అడుగున ఎక్కువ భాగం గ్రానైటు బండ. ఆ బండలో పూర్వమెప్పుడో పగుళ్ళు పడి, క్రింది నుండి కరిగిన రాయి వాటిలోకి ఎక్కి గట్టిపడింది. అవే డోలరైటు గట్లు. ఎర్రని చెలకల నడుమ నల్లని గుండ్లు ఒక వరుసలో పేర్చినట్లు పోతుంటే చూసే ఉంటారు. బోరు వేసేవారికి ఈ నల్లరాయి బాగా తెలుసు. ఇది భూమిలో నీటి నడకకు అడ్డుకట్ట వలె నిలుస్తుంది. కంపాసు పట్టేవారికి తెలియవలసినది వేరు. ఈ రాతిలో అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం ఉంటుంది. ముల్లు దాని ప్రక్కకు ఒరుగుతుంది. చేతిలో ఇనుము లేదు, దగ్గర తీగ లేదు, అయినా అంకె అబద్ధం చెబుతుంది.

అబద్ధాన్ని పట్టుకొనే దారి ఒక్కటే: ఎదురు చూపు. మొదటి రాయి మీద నిలబడి రెండవదాన్ని చూడండి, 62 డిగ్రీలు వచ్చిందనుకుందాం. ఇప్పుడు రెండవదాని దగ్గరకు నడిచి వెళ్ళి, వెనుదిరిగి మొదటిదాన్ని చూడండి. 180 కలిపి 242 రావాలి. వస్తే రెండు చోట్లూ శుభ్రమైనవని నమ్మవచ్చు. అక్కడినుండి మూడవ రాయిని చూస్తే 150 వచ్చింది. మూడవదాని నుండి వెనుకకు చూస్తే 330 రావలసింది 333 వచ్చింది. రెండవ రాయి శుభ్రమని ముందే తేలింది గనుక, తప్పు మూడవ రాయి దగ్గరే ఉన్నది. ఆ రాయి మీద నిలబడి చదివిన ప్రతి అంకెలోనూ 3 తీసివేయాలి. నడక రెండింతలవుతుంది, నిజమే. కాని ఎదురు చూపు లేని అంకెను పుస్తకంలో వ్రాయటం కంటె, వ్రాయకపోవటమే మేలు.

పుస్తకంలో ఏమి వ్రాయాలి? సర్వే నంబరు, ఏ రాయి నుండి ఏ రాయికి, పోయే చూపు, వచ్చే చూపు, టేపుతో కొలిచిన దూరం, తప్పక తేదీ. తేదీ ఎందుకంటే, ముల్లు చూపే ఉత్తరం అసలు ఉత్తరం ఒకటి కావు. మన ప్రాంతంలో ఇప్పుడు తేడా సుమారు ఒక డిగ్రీ, పడమటి ప్రక్కకు. ఇది ఏండ్ల మీద మెల్లగా మారుతుంటుంది. ఈ మార్పులను కనిపెట్టి ఉండే కేంద్రం మనకు దగ్గరలోనే ఉన్నది. నకిరేకల్ నుండి హైదరాబాదు పోయే దారిలో, చౌటుప్పల్ దగ్గర, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు అయస్కాంత పరిశీలన కేంద్రం నడుపుతున్నారు.

వ్రాసిన పుస్తకం ఉంటే పోయిన రాయిని వెదకటం సులువు. మిగిలిన రెండు రాళ్ళ మీద నిలబడి, వ్రాసుకొన్న చూపుల వెంట చెరొక తాడు లాగించండి. తాళ్ళు కలిసే చోట, దూరాలు కూడా టేపుతో సరిచూసి, గడ్డపారతో మెల్లగా కదపండి. విరిగిన రాతి మొదలు మట్టిలోనే ఉండవచ్చు. చూపు చూసేటప్పుడు ఆ గడ్డపార దూరంగా పెట్టించటం మరువకండి!

హద్దు సంగతి అటుంచితే, నకిరేకల్ వైపు నిమ్మతోటలు పెట్టేవారు మొక్కల వరుసలకు కూడా దీనిని వాడుకోవచ్చు. 20 అడుగుల ఎడం చొప్పున ఎకరానికి దాదాపు 108 మొక్కలు పడతాయి. మొదటి వరుస 85 డిగ్రీల మీద పోతే, అడ్డ వరుస 175 మీద పోవాలి. నిజం చెప్పాలంటే మూలమట్టానికి నాకు కంపాసు కంటె తాడు మీదనే నమ్మకమెక్కువ. 30, 40, 50 అడుగుల తాళ్ళతో ముక్కోణం పట్టితే మూల ఖచ్చితంగా వస్తుంది. కంపాసు పొడుగు వరుస వంకరపోకుండా కాస్తుంది.

దారి కనబడనిచోట మాత్రం దీనికి సాటి లేదు. బోరు దగ్గరనుండి అవతలి మడికి పైపు వేయాలి, నడుమ చెరువు శిఖంలో సర్కారు తుమ్మ చిక్కగా అల్లుకొన్నది. 40 డిగ్రీల మీద నడుస్తూ తుమ్మ అడ్డు రాగానే, 90 కలిపి 130 మీద 60 అడుగులు కొలిచి ప్రక్కకు జరగండి. మళ్ళీ 40 మీద తుమ్మ దాటేవరకు నడవండి. ఇప్పుడు 310 మీద అదే 60 అడుగులు వెనుకకు రండి. మొదటి గీత మీదనే ఉంటారు.

ఫోనులో దిక్సూచి ఉండగా ఇదెందుకని మీ పిల్లలు అడుగుతారు. దారి చూసుకోవటానికి ఫోను చాలు. కాని అందులోని దిక్సూచి కూడా అయస్కాంతాన్ని పట్టి చెప్పేదే. నల్లరాయి దానినీ మోసగిస్తుంది. పైగా వెంట్రుక కట్టి చూసే చూపు దానికి లేదు.

విస్తరణ మిత్రులకు ఒక మాట. రైతు ఎంత అడిగినా, కంపాసుతో హద్దు తేల్చి రాయి పాతవద్దు. అర డిగ్రీలో అర గుంట పోతుందని ఇందాకనే చూశాం. హద్దు తేల్చవలసినది టిప్పన్, గొలుసు దూరాలు చేతబట్టి వచ్చే సర్వేయరు. ఆయన వచ్చేనాడు రెండు గెట్లవారినీ పిలిపించి, మీ పుస్తకం ముందు పెట్టండి. అసలు ఆ పుస్తకంలో చూపులు వ్రాసేనాడే ప్రక్క రైతును కూడా పిలిచి, అతనిచేత ఒకసారి వెంట్రుకలో చూపించి, అతని సంతకం కూడా తీసుకొని ఉంటే మరీ మంచిది.

కొనేటప్పుడు ఇది చూడండి. చలిదేశాల కోసం తూకం కట్టిన కంపాసులో ముల్లు ఇక్కడ ఒక కొస వాలి గాజుకు రాసుకొంటుంది. భూమి అయస్కాంతపు వాలు అక్కడ ఎక్కువ, మనకు తక్కువ. దుకాణంలోనే బల్లమీద పెట్టి, చక్రం తేలికగా తిరిగి ప్రతిసారీ ఒకేచోట ఆగుతుందో లేదో చూసుకోండి. పని అయిన తరువాత రేకు మడిచి, ముల్లు కదలకుండా బిగిసిందని చూసి మూత వేయండి. ట్రాక్టరు పనిముట్ల పెట్టెలోగాని, రేడియో స్పీకరు ప్రక్కనగాని పెట్టవద్దు.