సముద్రగుహలో ఛాయాచిత్రము తీయుట

పట్టపగలు ఎండలో నిలిచిన మనుష్యుని ఛాయాచిత్రము తీయుట నేడు చిన్నపిల్లలకును సాధ్యమైన పని. కాని చీకటి నిండిన గుహలో, అదియు నేలపైగాక ఊగుచున్న పడవలో కూర్చుండి చిత్రము తీయవలసి వచ్చినచో ఎన్ని చిక్కులు కలుగునో యోచింపుడు. ఆ చిక్కులను, వానిని దాటు ఉపాయములను ఈ వ్యాసమున వివరింపగోరుచున్నాము.

నిదర్శనమునకు ఒక గుహను గైకొందము. అమెరికా సంయుక్తరాష్ట్రములలోని కాలిఫోర్నియా తీరమున కెదురుగా పసిఫిక్ మహాసముద్రమున శాంతాక్రూజ్ అను ద్వీపము గలదు. దాని వాయవ్యతీరపు కొండచరియలో 'పెయింటెడ్ కేవ్', అనగా రంగులు పూసిన గుహ, యున్నది. శిలల వన్నెలును, వానిపై పెరిగిన పాచియును దానికా పేరు తెచ్చినవి. గుహాముఖము ఎత్తు సుమారు 160 అడుగులు. వెడల్పు సుమారు 100 అడుగులు. లోపలి పొడవు సుమారు 1,200 అడుగులు. ప్రపంచమునందలి మిక్కిలి పెద్ద సముద్రగుహలలో ఇది యొకటి. పడవపైననే లోనికి పోవలెను. పోనుపోను గుహ ఇరుకగును, వెలుతురు సన్నగిల్లును, కట్టకడపటి గదిలో కాటుకవంటి చీకటి. అచటి బండలపై సముద్రసింహములను జంతువులు విశ్రమించుచుండును.

ఇట్టి గుహలను త్రవ్వినది కెరటమే. శిలలో ఎచట పగులున్నదో అచట కెరటము దూరును. పగులులోని గాలి నీటి తాకిడికి అణగి, కెరటము వెనుదీయగానే ఒక్కుమ్మడిగా విరియును. ఈ నొక్కుడును విరుపును వేలయేండ్లు సాగగా శిల సడలి ఊడిపోవును. గుహను చేసిన ఆ బలము నేటికిని అందు పనిచేయుచునే యున్నదని పడవవారు మరువరాదు.

ఇక మొదటి చిక్కు. చిత్రమునకు ఇంత వెలుతురు కావలెనని ఒక లెక్క గలదు. వెలుతురు తక్కువైనచో కెమెరా కన్ను ఎక్కువసేపు తెరచియుంచి ఆ లెక్క పూరింపవచ్చును. నేలపైనున్న గుహలో ఇది చెల్లును. 1861వ సంవత్సర ప్రాంతమున నాదార్ అను ఫ్రెంచి చిత్రకారుడు పారిస్ నగరము క్రిందనున్న అస్థికల సొరంగములలో విద్యుద్దీపములతో చిత్రములు తీసెను. ఒక్కొక్క చిత్రమునకు 18 నిమిషములవరకు పట్టెడిది. అంతసేపు కదలక నిలువగల మనుష్యులు లేరు గనుక, పనివాండ్రకు మారుగా బొమ్మలను నిలిపెను.

పడవలో ఈ ఉపాయము సాగదు. కొన్నియేండ్ల క్రిందట మేము ఒక ఉప్పుటేటిలో, నాటుపడవపై మూడుకాళ్ల స్టాండు నిలిపి, వంతెన కమాను క్రింది నీడను చిత్రింప బూనితిమి. ఊపిరి బిగబట్టి రెండు సెకండ్లు కెమెరా తెరచితిమి. తీరా చూడగా ఒక కమాను మూడు కమానులై యుండెను. స్టాండు గట్టిది కాదని మేము విసుగుకొనగా పడవవాడు నవ్వి, "అయ్యవారూ, కర్ర గట్టిదేనండి, కింద నీళ్లే గట్టివి కావు" అనెను. పుస్తకములు మాకు నేర్పని పాఠమును అతడొక్క మాటలో నేర్పెను.

కావున కాలమును పొడిగించుట మాని, వెలుతురును పెంచవలెను. 1864లో ఆల్ఫ్రెడ్ బ్రదర్స్ అను నాతడు ఇంగ్లండులోని డెర్బీషైరు గనిలో మెగ్నీషియము తీగను మండించి చిత్రము తీసెను. ఆ వెలుతురు మిక్కిలి తెల్లనిది. కాని దానితో పుట్టు తెల్లని పొగ గుహలో నిలిచిపోవును. 1887లో జర్మనీయులు భగ్గుమని మండు పొడిని కనిపెట్టిరి. 1931లో అమెరికాలో హెరాల్డ్ ఎడ్గర్టన్ విద్యుత్తుచే క్షణమాత్రము మెరయు దీపమును సిద్ధపరచెను. నేటి ఫ్లాష్ దీపములు ఆ జాతివే. వాని మెరుపు సెకండులో వెయ్యవవంతు మాత్రమే యుండవచ్చును. పూర్తి చీకటిలో కెమెరా ఎంతసేపు తెరచియున్నను ఆ మెరుపు వేళ కనబడినదే చిత్రమున నిలుచును. అంత స్వల్పకాలములో పడవ ఎంత కదలగలదు? ఊగు పడవయు ఊగనట్లే యగును.

అయినను మెరుపునకు ఒక పరిమితి గలదు. దూరము రెండింతలైనచో వెలుతురు నాలుగవవంతగును, నాలుగింతలైనచో పదునారవవంతగును. 30 అడుగుల దూరమున చక్కగా కనబడు గోడ, 120 అడుగుల దూరమున మసిబారి పోవును. పైగా కెమెరా ప్రక్కనే దీపమున్నచో గాలిలోని నీటితుంపురులే మెరసి చిత్రమంతయు తెల్లని చుక్కలగును. అందుచే ఎరిగినవారు రెండవ పడవను ముందుకు పంపి, అందలి మనుష్యుని వెనుకనుండి దీపము వెలిగింతురు. తుంపురుల చుక్కలు తగ్గును. మనుష్యుని ఆకారమునుబట్టి గుహ ఎంత పెద్దదో చూపరులకు తెలియును.

గుహాముఖము కడ చిక్కు వేరు. బయట ఎండ, లోపల చీకటి. ఎండకు తగినట్లు తీసిన గోడలు నల్లనగును. గోడలకు తగినట్లు తీసిన ముఖద్వారము సున్నపుముద్ద యగును. అందుచే కొందరు మబ్బు పట్టిన దినమును ఎన్నుకొందురు. నేటి కెమెరాలు మసక వెలుతురునుగూడ గ్రహింపగలవు గనుక, ముఖద్వారమునకు సమీపమున ఫ్లాష్ లేకయే సెకండులో అరువదవవంతులో చిత్రము తీయుటయు సాధ్యమగుచున్నది.

ఇవి యన్నియు కెమెరా చిక్కులు. సముద్రపు చిక్కు వీనికంటె గొప్పది. లోనికి పోకమునుపు పావుగంటయైనను బయట నిలిచి కెరటములను చూడవలెను. చిన్న కెరటములు పెక్కు పోయిన పిమ్మట పెద్దవి కొన్ని వరుసగా వచ్చుట కద్దు. ఆటుపోటుల వేళ ఎరిగియుండవలెను. పోటు పెరిగినకొలది పైకప్పు తలకు దగ్గరగును. చిన్న పడవను వెనుకకు నడపుచు లోనికి పోయినచో దాని ముక్కు సముద్రమువైపే యుండును. వచ్చు కెరటము కంటబడును. ప్రతివాడును లైఫ్ జాకెట్ ధరింపవలెను. కెమెరాలో కన్నుంచినవాడు సముద్రమును చూడలేడు గనుక, చూచుటకు వేరొకడుండవలెను. అతడు "వెనుకకు" అనినచో మారుమాట యుండరాదు.

కడపటి చిక్కు మనస్సునకు సంబంధించినది. చీకటిగదిలో నిదురించు సముద్రసింహములపై మెరుపు పడినచో అవి బెదరి గుంపుగా నీటికి పరుగిడును. ఆ తొక్కిసలాటలో పిల్లలు నలిగిపోవచ్చును. అందుచే 1972లో చేసిన చట్టముచే అమెరికాలో అట్టి జంతువులను బెదరించుట నిషేధింపబడినది. చూడుడు! చీకటిని గెలుచుటకు డెబ్బదియేండ్లు శ్రమించి మానవుడు సంపాదించిన మెరుపు చేతనే యున్నది. ఐనను ఆ గది వాకిట దానిని ఆర్పి, పడవను మరలించుకొని రావలసియున్నది.

గుహ యొక్క తక్కిన భాగమును చిత్రింపవచ్చును. ఆ గదిని చీకటికే విడువవలెను. మా ఉప్పుటేటి చిత్రమువలె అది మా తప్పునకు గుర్తు కాదు. తీయగలిగియు తీయని చిత్రము గనుక, అదియు ఆ పనివాని నేర్పులోనిదే యని మేము తలంచుచున్నాము.