అనంతగిరిలో రిసార్ట్ వెతికే ముందు

పోయిన ఏప్రిల్‌లో ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ పెట్టి అమ్మానాయినల్ని వికారాబాద్ దగ్గర ఒక రిసార్ట్‌కి తీసుకెళ్లాను. మాది తాండూరు. నాయిన ఇరవై ఏళ్లుగా నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తున్నాడు. ఆ దుమ్ములోంచి ఒక్క రెండు రోజులు బయటపడి మంచి గాలి పీల్చుకుంటాడని నా ఆశ.

వెబ్‌సైట్‌లో 'ట్రాపికల్ జంగిల్ లగ్జరీ' అని ఉంది. వెళ్లి చూస్తే లాన్, వరసగా నాటిన పామ్ చెట్లు, ఎదురుగా ఎండిపోయిన గుట్ట. రాత్రి పక్క లాన్‌లో డీజే. నాయిన మాత్రం బాత్రూమ్ నేల మీద తట్టి చూసి, "గిది మన తాండూరు బండనే రా" అని సంబరపడ్డాడు. నా మనసు నొచ్చుకోవద్దని అట్లా అన్నాడని నాకు తెలుసు.

తప్పు సగం నాదే. ఉష్ణమండల అడవి అనగానే మన బుర్రలో అమెజానో, కేరళో మెదులుతుంది. అనంతగిరి కూడా ఉష్ణమండల అడవే, కాకపోతే ఆకురాల్చే రకం. ఇక్కడ పెద్ద వానలు జూన్ నుంచి సెప్టెంబర్ దాకానే. ఆ తర్వాత నీళ్లు పొదుపు చేసుకోవడానికి టేకు లాంటి చెట్లు ఆకులు వదిలేస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో మోదుగు పూలు చూడటానికి వెళ్తే అదో అందం. కానీ ఏప్రిల్‌లో పచ్చదనం కావాలంటే ఏ ఫైవ్ స్టార్ హోటలూ ఇవ్వలేదు. జూలై నుంచి డిసెంబర్ దాకా అయితే కొండంతా పచ్చగా ఉంటుంది. అందుకే ముందు నెల ఎంచుకోండి, హోటల్ సంగతి తర్వాత.

రెండోది, 'ఫారెస్ట్ వ్యూ' అంటే అడవి కనిపిస్తుందని మాత్రమే, అడవిలో ఉన్నామని కాదు. గూగుల్ ఎర్త్‌లో రిసార్ట్ పిన్ పెట్టి పాత తేదీల శాటిలైట్ ఫొటోలు చూడండి. ఎండాకాలం ఫొటోలో కూడా చిక్కగా పచ్చగా కనిపించే ముక్క సాధారణంగా బోరు నీళ్లతో పెంచిన తోటే. అసలు అడవి గోధుమ రంగులో ఉంటుంది! నిజంగా అడవి మధ్యలో ఉండాలంటే కొండ మీద టూరిజం వాళ్ల హరిత ఉంది. అది లగ్జరీ కాదు. కానీ అనంత పద్మనాభస్వామి గుడి దగ్గరే, మూసీ పుట్టిన కొండ అదే. నిజాం కాలంలో టీబీ శానిటోరియం పెట్టిందీ ఆ గాలి కోసమే. 'వికారాబాద్ కా హవా, లాఖోం మరీజోం కా దవా' అని మా తాతల కాలం నుంచి వింటున్న మాట ఊరికే పుట్టలేదు.

డీజే గురించి ఫోన్ చేసి మరీ అడగండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్ స్పీకర్లు వాడకూడదని రూల్ ఉంది, కానీ పది దాకా మన చెవులేం కావాలి? బహిరంగ ప్రదేశంలో దూరం రెట్టింపైతే శబ్దం తగ్గేది సుమారు 6 డెసిబెల్సే. అంటే పార్టీ లాన్‌కి 50 మీటర్ల దూరంలో గది ఉన్నా, 100 మీటర్ల దూరంలో ఉన్నా పెద్ద తేడా ఉండదు. పెళ్లిళ్లు, కార్పొరేట్ పార్టీలు చేసే రిసార్ట్ అయితే వదిలేయడమే మేలు.

ఇక డబ్బులు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, దాటితే 18. అంటే 7,400 గది 7,770కి వస్తుంది, 7,600 గది 8,968 అవుతుంది. రెండొందల తేడా దాదాపు పన్నెండొందలైంది! స్క్రీన్ మీద కనిపించే రేటులో టాక్స్ కలిసిందో లేదో చూసుకోండి. మిగిలిన డబ్బుతో కోట్‌పల్లి రిజర్వాయర్‌లో కయాకింగ్ చేయొచ్చు.

దసరా సెలవుల్లో మళ్లీ వెళ్లాం. ఈసారి పూల్ లేదు, లాన్ లేదు, చిన్న గది. కిటికీ తెరిస్తే చెట్లే. ఇంట్లో నాలుగింటికే దగ్గుతూ లేచే నాయిన ఆ రోజు ఏడున్నర దాకా పడుకున్నాడు. అమ్మ రెండుసార్లు వెళ్లి, ఊపిరి తీస్తున్నాడా లేదా అని చూసొచ్చింది.