తలకు దెబ్బ తగిలితే పరీక్షను ఎంతవరకు నమ్మాలి?

ఆటలు పిల్లలకు మంచివి. ఒళ్లు గట్టిపడుతుంది. మనసు హుషారుగా ఉంటుంది. ఆటన్నాక దెబ్బలు కూడా తగులుతాయి. మోకాలు చెక్కుకుపోతే కంటికి కనిపిస్తుంది. తలకు తగిలిన దెబ్బ అలా కాదు. పైన గాయం లేకపోయినా లోపల మెదడు దెబ్బ తినవచ్చు.

మెదడు అదిరితే ఏమవుతుంది?

మెదడు మెత్తగా ఉంటుంది. దాని చుట్టూ గట్టి పుర్రె ఉంటుంది. తలకు గట్టిగా తగిలినప్పుడు లోపల మెదడు అదురుతుంది. కొన్నాళ్లపాటు సరిగా పనిచెయ్యదు. దీన్ని డాక్టర్లు కంకషన్ అంటారు.

అప్పుడు తలనొప్పి వస్తుంది. కళ్లు తిరుగుతాయి. వాంతి వచ్చేట్టు ఉంటుంది. చూపు మసకబారుతుంది. కొందరు పిల్లలు అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతారు. చాలామందికి స్పృహ తప్పదు. అందుకని "స్పృహ తప్పలేదు గదా, ఏమీ కాలేదులే" అనుకోకూడదు.

స్కానింగు తీస్తే తెలియదా? ఎముక విరిగితే తెలుస్తుంది. లోపల రక్తం కారితే తెలుస్తుంది. కంకషన్ మాత్రం మామూలుగా స్కానింగులో కనపడదు.

పరీక్ష ఎలా చేస్తారు?

స్కానింగులో కనపడదు కాబట్టి ప్రశ్నలు అడిగి చూస్తారు. ఇందుకోసం 'స్కాట్' అనే పరీక్ష ఉంది. 2023లో వచ్చిన పిల్లల స్కాట్ 8 నుంచి 12 ఏళ్ల వాళ్ల కోసం తయారుచేసింది.

ముందు ఎలా ఉందో పిల్లవాణ్ణి అడుగుతారు. తల్లిదండ్రులనూ అడుగుతారు. కొన్ని మాటలు చెప్పి, తిరిగి చెప్పమంటారు. అంకెలను వెనక నుంచి ముందుకు చెప్పమంటారు. కళ్లు మూసుకుని 20 సెకన్లు కదలకుండా నిలబడమంటారు. మంచి పరీక్షే. కానీ దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు.

ఎందుకు నమ్ముకోకూడదు?

పిల్లలు అన్ని రోజులూ ఒకేలా ఉండరు. నిద్ర చాలకపోయినా, ఆడి అలసిపోయినా, చుట్టూ గోలగా ఉన్నా తప్పులు చెబుతారు. అంటే దెబ్బ తగలని పిల్లవాడు కూడా పరీక్ష తప్పవచ్చు. చురుకైన పిల్ల దెబ్బ తగిలినా అన్నీ సరిగా చెప్పవచ్చు.

8 ఏళ్ల పిల్లకూ 12 ఏళ్ల పిల్లకూ జ్ఞాపకశక్తిలో చాలా తేడా ఉంటుంది. అందుకే అమెరికాలో కొన్నిచోట్ల ఆటలు మొదలు కాకముందే ఒకసారి పరీక్ష పెడతారు. దెబ్బ తగిలాక మళ్లీ పెట్టి, రెండూ పోల్చి చూస్తారు. దీనికీ ఒక చిక్కుంది. కొందరు పిల్లలు మొదటి పరీక్షలో కావాలనే తప్పులు చేస్తారు. అప్పుడు దెబ్బ తగిలాక కూడా తేడా కనపడదు. ఆట నుంచి తీసేస్తారని నొప్పి దాచేవాళ్లూ ఉన్నారు.

ఇంకో సంగతి. లక్షణాలు వెంటనే బయటపడకపోవచ్చు. 2019 ఆగస్టు 17న లార్డ్స్ మైదానంలో ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవ్ స్మిత్‌కు మెడ మీద బంతి తగిలింది. డాక్టరు పరీక్షలు చేశాడు. స్మిత్ అన్నీ నెగ్గాడు. తిరిగి వచ్చి బ్యాటింగ్ చేశాడు. మర్నాడు తలనొప్పితో లేచాడు. కంకషన్ అని తేలింది. ఆ మ్యాచ్ నుంచి తప్పుకున్నాడు. పక్కనే డాక్టరున్న పెద్ద ఆటగాడి సంగతే ఇలా ఉంటే, పిల్లల సంగతి చెప్పాలా?

ఒక పిల్లవాడి వల్ల వచ్చిన చట్టం

2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ల పిల్లవాడికి ఫుట్‌బాల్ ఆటలో తలకు దెబ్బ తగిలింది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ ఆడనిచ్చారు. ఆట అయ్యాక కుప్పకూలిపోయాడు. మెదడులో రక్తం కారింది. ఆపరేషన్లు చేసి బతికించారు. కానీ మాట, నడక మళ్లీ నేర్చుకోవటానికి ఏళ్లు పట్టింది.

2009లో ఆ రాష్ట్రం అతని పేరు మీద చట్టం చేసింది. కంకషన్ అని అనుమానం వస్తే చాలు, పిల్లల్ని ఆట నుంచి తప్పించాలి. వైద్యులు రాసిచ్చాకే మళ్లీ ఆడనివ్వాలి. 2014 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చాయి.

ఏం చెయ్యాలి?

కబడ్డీ అయినా, క్రికెట్ అయినా పద్ధతి ఒక్కటే.

• అనుమానం ఉంటే ఆట ఆపించండి. పరీక్ష నెగ్గినా ఆ రోజు మళ్లీ ఆడనివ్వకండి.

• ఒంటరిగా వదలకండి. డాక్టరుకు చూపించండి. తర్వాత కూడా కొన్ని రోజులు కనిపెట్టి ఉండండి.

• వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా, లేపితే లేవకపోయినా ఆలస్యం చెయ్యకండి. 108కి ఫోన్ చెయ్యండి.

• ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇవ్వండి. ముందు బడికి, తర్వాతే ఆటకు. ఆట కూడా మెల్లమెల్లగా మొదలుపెట్టించండి. చాలామంది పిల్లలు 4 వారాల్లో కోలుకుంటారు.

పరీక్ష తప్పితే కంకషన్ ఉందేమోనని అనుమానించాలి. నెగ్గితే మాత్రం దెబ్బ లేదని అర్థం కాదు. బిడ్డ ఎప్పటిలా ఉందో లేదో తల్లికి, తండ్రికి, పంతులుగారికి తెలుస్తుంది. "ఎందుకో ఇవాళ వీడు వేరుగా ఉన్నాడు" అనిపిస్తే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి.