రైతుబిడ్డకు కళాశాల చదువు

పదవ తరగతి పరీక్షాఫలితములు వెలువడిన దినము మొదలుకొని రైతుల యిండ్లలో ఒక ప్రశ్న బయలుదేరును. పిల్లవానిని కళాశాలకు పంపుదమా, పొలమునకు దింపుదమా? మేము గ్రామములకు పోయినపుడు సభ్యులు తరచుగ నడుగు ప్రశ్నలలో ఇది యొకటి. పురుగుమందును గూర్చి యడిగినచో ఒక్క మాటలో బదులు చెప్పగలము. దీనికి అట్లు చెప్ప వీలులేదు. ఒక బిడ్డ బ్రతుకును, ఒక కుటుంబపు భూమియు ఇందులో ఇమిడి యున్నవి. కావున సావకాశముగ విచారింతము.

కొందరు పెద్దలు "చదవేస్తే ఉన్నమతి పోయినట్లు" అను సామెతను చెప్పుదురు. వారి మాట బొత్తిగ నిరాధారము గాదు. నాలుగేండ్లు పట్టణమున నుండి వచ్చి, ఉద్యోగము దొరకక, మడిలో దిగుటకు సిగ్గుపడి, అరుగులమీద కాలము పుచ్చు యువకులు మనకు కనబడుచునే యున్నారు. మరికొందరు చదువనగా ఉద్యోగమే యని తలచి, ఉన్న ఎకరము తాకట్టు పెట్టియైనను పిల్లవానిని పంపుదురు. ఈ యిరువురును చదువును జీతముతోనే కొలుచుచున్నారు. మేము మరియొక కొలత చెప్పుదుము. ఒక పని యెందుచేత జరుగుచున్నదో విచారించి, లెక్కవేసి, తానే నిర్ణయించుకొను శక్తి పిల్లవానికి కలిగినదా లేదా? కలిగినచో, వాడు పట్టణమున నున్నను పొలమున నున్నను ఆ చదువు పండినట్లే.

మన మడులలోని చదువు

మీరు చల్లు విత్తనమునే చూడుడు. స్వర్ణ అను ఎం.టి.యు. 7029 రకము మారుటేరు పరిశోధనాస్థానము నుండి 1982లో వెలువడినది. సాంబమసూరి అను బి.పి.టి. 5204 రకము బాపట్లనుండి 1986లో వెలువడినది. ఈ సాంబమసూరి పుట్టుకను విచారించిన, అందు కోయంబత్తూరు రకమైన జి.ఇ.బి. 24, తైవాను దేశపు పొట్టిరకమైన తైచుంగ్ నేటివ్ 1, మలేషియానుండి వచ్చిన మసూరి, ఈ మూడును కలిసియున్నవి. అన్నము మేలైనదే గాని, ఈ పైరునకు బాక్టీరియా ఎండాకు తెగులు సులభముగ సోకును. హైదరాబాదునందలి వరి పరిశోధన సంస్థవారును, సి.సి.ఎం.బి. వారును కూడి, తెగులును తట్టుకొను మూడు జన్యువులను ఆ రకములోనికి తెచ్చి, 2008లో మెరుగుపరచిన సాంబమసూరిని రైతుల కిచ్చిరి. ఈ పని అనుభవమొక్కదానితో సాగునది గాదు. కళాశాలలలో ఏండ్ల తరబడి చదివినవారు చేసిన పని యిది. కళాశాలవలన సేద్యమునకు ప్రయోజనము లేదనువారి కంచములోని అన్నమే వారికి బదులు చెప్పుచున్నది.

పూర్వము మదరాసు రాజధానిలోని తెలుగు విద్యార్థులు వ్యవసాయపు పట్టము పొందగోరినచో కోయంబత్తూరునకు పోవలసి యుండెను. 1945లో బాపట్లయందును, 1946లో హైదరాబాదు రాజ్యమున రాజేంద్రనగరునందును, 1961లో తిరుపతియందును కళాశాలలు వెలసెను. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయ మేర్పడెను. నేడు ఆంధ్రప్రదేశమున ఆ విశ్వవిద్యాలయము ఆచార్య ఎన్.జి. రంగాగారి పేర నడచుచున్నది. ఆయన నిడుబ్రోలు రైతుకుటుంబమున జన్మించి, ఆక్స్‌ఫర్డులో చదివి, తిరిగివచ్చి రైతులకొరకే పాటుపడిరి. తెలంగాణమున 2014 నుండి ప్రత్యేక విశ్వవిద్యాలయము కలదు. తాతలకు దూరమైన చదువు మనుమలకు చేరువ యైనది.

ఒక బస్తా లెక్క

ప్రతియొకడును శాస్త్రజ్ఞుడు కానక్కరలేదు. సామాన్యపు సేద్యమున సైతము చదువు పనికివచ్చును. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో 9 కిలోల నత్రజనియు 23 కిలోల భాస్వరమును గలవు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోలకు కొంచెము పైగా నుండును. అనేకులు డి.ఎ.పి.లోని నత్రజనిని లెక్కలోనికి తీసికొనక, యూరియాను వాడుక చొప్పుననే వేయుదురు. పైరు నల్లగ పెరుగును. చూచువారు మెచ్చుకొందురు. పిమ్మట అగ్గితెగులును సుడిదోమయు వచ్చును. బస్తాలోని అంకెలను కూడుట ఉన్నత పాఠశాలలోనే నేర్పుదురు. నత్రజని హెచ్చినపుడు ఆకు మెత్తబడి తెగులున కేల లొంగునో, భూసార పరీక్ష పత్రమును చూచి ఎరువు నెట్లు తగ్గింపవలెనో కళాశాలలో తెలియును. దుకాణదారుడు చెప్పిన మందునే కొని తెచ్చువానికిని, ఇది యెందులకని యడుగగలవానికిని గల భేదము ఇదియే.

మన సంఘమునకు గూడ ఇట్టివారు కావలెను. దేశమందలి 63,000 ప్రాథమిక పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి మార్చు పథకమును కేంద్రప్రభుత్వము 2022లో అంగీకరించినది. సభ్యుల బిడ్డలలో ఆస్తి అప్పుల పట్టికను చదివి తప్పు పట్టగలవారు లేనిచో, సంఘము పేరునకు మాత్రమే సభ్యులది యగును.

ఖర్చును గూర్చి

చదువు మంచిదని చెప్పి ఖర్చును దాచుట న్యాయము గాదు. ఫీజు, వసతిగృహపు భోజనము, పుస్తకములు, రాకపోకలు, వీనితో పాటు పిల్లవాడు ఇంట లేనందున పెట్టవలసిన కూలి, ఇవన్నియు ముందుగనే వ్రాసికొనుడు. అప్పు చేయవలసినచో వడ్డీని చూడుడు. నూటికి నెలకు 2 రూపాయల చొప్పున లక్ష రూపాయలు తెచ్చినచో, 4 ఏండ్లకు బారువడ్డీయే 96,000 అగును. పట్టము చేతికి వచ్చునప్పటికి అప్పు ఇంచుమించు రెట్టింపగును. బ్యాంకుల విద్యాఋణ పథకమునందు 4 లక్షల రూపాయల వరకు ఆస్తి తాకట్టు అడుగరు. చదువు ముగిసిన ఏడాది వరకు వాయిదాలు మొదలుకావు. ప్రభుత్వపు ఫీజు సహాయమునకు, విద్యార్థి వేతనమునకు అర్హత గలదేమో కూడ ముందే విచారింపుడు. భూమిని మాత్రము అమ్మవలదు. తండ్రి భూమిపోయిన చింత వెంటాడుచుండగా ఏ పిల్లవానికి చదువు తలకెక్కదు.

ఏ చదువు?

నేలనుబట్టి పైరును నిర్ణయింతుము గదా. పిల్లవాని బుద్ధినిబట్టి చదువును నిర్ణయింపవలెను. పొరుగువాని కుమారుడు ఇంజనీరగుచున్నాడని మనవానిని తోలుట, చెరకు వేసిరని చవుడునేలలో చెరకు నాటుట వంటిది. సేద్యమునందు ఆసక్తి గలవారికి పదవ తరగతి పిమ్మట వ్యవసాయ పాలిటెక్నిక్కులలో రెండేండ్ల డిప్లొమా కలదు. అది ముగించినవారు అగ్రిసెట్ పరీక్ష వ్రాసి పట్టపు చదువునకు పోవచ్చును. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రము చదివినవారు ప్రవేశపరీక్ష ద్వారా నాలుగేండ్ల బి.యస్‌సి. వ్యవసాయమున చేరవచ్చును. ఇందు రైతుబిడ్డల కొరకు కొన్ని స్థానములు ప్రత్యేకింపబడి యున్నవి. కడపటి సంవత్సరమున విద్యార్థులు కొన్ని నెలలు గ్రామములలో నుండి రైతులతో పనిచేయుదురు. పశువైద్యము, మత్స్యశాస్త్రము, ఆహారశాస్త్రము, వాణిజ్యము, లెక్కలు, ఇవియు గ్రామమునకు కావలసినవే.

ఆడుబిడ్డలను మరువరాదు. నాట్లు, కలుపు, విత్తనపు శుభ్రము, పశుపోషణ, ఇవి చాలవరకు స్త్రీల చేతులమీదుగనే జరుగుచున్నవి. ఆ చేతులకు శాస్త్రజ్ఞానము తోడైనచో ఫలము ఇల్లంతయు అనుభవించును. మంచి మార్కులు వచ్చిన కుమార్తెను దూరమను కారణముచేత నిలిపివైచు తండ్రి, వసతిగృహము నొకసారి స్వయముగ పోయి చూచి, పిమ్మట నిర్ణయించుట మంచిది.

చదువు ముగించి వచ్చిన పిల్లలయెడ పెద్దలకును ఒక విధి కలదు. వాడు చెప్పు క్రొత్త పద్ధతిని నవ్వి త్రోసివేయక, పది సెంట్ల మడి నొక పంటకాలము వాని కప్పగింపుడు. పండినచో అందరును నేర్చుకొందురు. పండనిచో వాడే నేర్చుకొనును.

ఈ వేసవిలో ప్రతి సంఘమును తన సభ్యుల యిండ్లలో పదవ తరగతి ముగించిన బాలబాలికల పట్టికను వ్రాసి, వారిని వారి తలిదండ్రులతో ఒకనాడు సంఘపు కార్యాలయమునకు పిలిపింపవలెను. పాఠశాల ప్రధానోపాధ్యాయుని, బ్యాంకు ఉద్యోగి నొకని రప్పించి, చదువులను గూర్చియు ఋణములను గూర్చియు చెప్పింపవలెను. దరఖాస్తుల గడువులు దాటకముందే ఈ పని జరుగుట అవసరము. అదను దాటిన విత్తనము మొలచినను గింజ పట్టదు.