కప్పు చిన్నదే.. కానీ!

ఊరు వెళ్లినప్పుడు బెంగళూరులోనో, పారిస్‌లోనో మన అరకు గింజలతో ఎస్‌ప్రెసో చేసే షాపు కనిపిస్తే ఆగకుండా ఉండగలమా? తప్పకుండా రుచి చూడండి. అయితే కప్పు చిన్నదని తేలిగ్గా తీసుకోవద్దు.

* సుమారు 30 మి.లీ. సింగిల్‌ షాట్‌లో దాదాపు 60 మి.గ్రా. కెఫీన్‌ ఉంటుంది. చాలా ఎస్‌ప్రెసో షాపుల్లో మామూలుగా ఇచ్చేది డబుల్‌ షాట్‌. అందుకే ముందే అడగండి.

* ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు రోజు మొత్తమ్మీద 400 మి.గ్రా., గర్భిణులకు 200 మి.గ్రా. కెఫీన్‌ మించకూడదు.

* తాగిన 5 గంటలకు కూడా దాదాపు సగం కెఫీన్‌ ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం తాగితే రాత్రి నిద్ర పట్టక, మర్నాడు తిరిగే ఓపిక ఉండదు. మధ్యాహ్నంలోపే తాగేయండి.

* పొద్దున్నే థైరాయిడ్‌ మాత్ర వేసుకునేవారు 30-60 నిమిషాలు ఆగాకే కాఫీ తాగాలి. లేదంటే మందు ఒంటికి సరిగా పట్టదు.