సంఘపు కంప్యూటరు చెడినచో లెక్కలను కాపాడుకొను విధము

గాదె గోడ కూలినప్పుడు వివేకియగు రైతు ముందుగా ధాన్యమును తీసి భద్రపఱచును. గోడ మాట పిమ్మట ఆలోచించును. సహకార సంఘపు కంప్యూటరు విషయమునను ఇట్లే చేయవలయును. యంత్రము గాదె వంటిది. అందలి సభ్యుల లెక్కలు ధాన్యము. ఆ లెక్కలను చూపెడి సాఫ్టువేరు కుంచము. గాదెను మరల కట్టవచ్చును, కుంచమును మరల కొనవచ్చును. పోయిన ధాన్యము మాత్రము మరల రాదు.

ఒక జూన్ నెలలో మేము జీలుగ, జనుము విత్తనముల పనిమీద ఒక గ్రామమునకు పోయితిమి. ముందటి రాత్రి ఉఱుములతో పెద్దవాన కురిసెను. తెల్లవారునప్పటికి సంఘపు కంప్యూటరు వెలుగలేదు. పంట ఋణమునకై వచ్చిన రైతులు పాసుపుస్తకములతో అరుగుమీద కూర్చుండియుండిరి. ఎవరి బాకీ యెంతయో చెప్పజాలక కార్యదర్శిగారు మిక్కిలి చింతిల్లుచుండిరి. పట్నమునుండి వచ్చిన మెకానిక్కు పాతది పనికిరాదనెను. క్రొత్తది కొనిరి. పాత సాఫ్టువేరు దానియందు నడువలేదు.

కారణ మేమనగా, ఆ సాఫ్టువేరు డాసు కాలమున ఫాక్స్‌ప్రోలో వ్రాయబడినది. నేటి కంప్యూటరులలోని 64 బిట్ల విండోసు అట్టి డాసు ప్రోగ్రాములను నడపదు. ఫాక్స్‌ప్రోకు మైక్రోసాఫ్టువారి తోడ్పాటు 2015లోనే ముగిసినది. పాతబండి చక్రము క్రొత్త యిరుసునకు పట్టకుండుట వింత కాదు గదా!

అయినను కంప్యూటరు వెలుగకుండుట వేఱు, లెక్కలు పోవుట వేఱు. ఆ యంత్రమున విద్యుత్తు నందించు పెట్టె మాత్రమే కాలినది. లెక్కలుండు హార్డుడిస్కు చెడలేదు. దానిని విప్పి, తగిన తీగతో క్రొత్త కంప్యూటరునకు తగిలింపగా దస్త్రములన్నియు కనబడెను. అప్పుడు చేసిన పనిని బట్టి ఇతర సంఘములవారికి ఈ క్రమమును తెలుపుచున్నాము.

1. డిస్కు టకటక చప్పుడు చేయుచున్నచో దానిని మాటిమాటికి నడపరాదు. వెంటనే ఆపి, తెలిసినవారి చేతికి ఇయ్యవలయును.

2. డిస్కు బాగుగా నున్నచో ముందుగా దాని నకలును మఱియొక డిస్కులోనికి తీయవలయును. పిమ్మట పని యంతయు నకలుపైననే చేయవలయును. మూలమును బీరువాలో దాచవలయును.

3. పాత లెక్కలను చూచుకొనుటకు డాస్‌బాక్సు అను ఉచిత సాఫ్టువేరు ఉపకరించును. అది క్రొత్త కంప్యూటరులోనే పాత డాసును పోలిన చోటును కల్పించును. ఇది దారి దొరకువఱకు ఊతకఱ్ఱయే గాని, ఎల్లకాలమును దానిపైననే నడువరాదు.

4. తెలుగు పేరులను ప్రత్యేకముగా చూడవలయును. పాత ఫాంటులు పెక్కింటిలో తెలుగు అక్షరములను ఇంగ్లీషు అక్షరముల స్థానములలో నుంచెడివారు. ఆ ఫాంటు లేనిచోట రామయ్య పేరు అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపుగా కనబడును. అట్టి పేరులను యూనికోడులోనికి మార్చి, ఒత్తులు సరిగా వచ్చెనో లేదో కంటితో చదువవలయును.

5. సభ్యుల సంఖ్య, వాటాధనము, ఋణబాకీల మొత్తము పాతదానియందును క్రొత్తదానియందును పైసతో సహా సరిపోవలయును.

మొత్తములు సరిపోయినను పని ముగియదు. మేము చూచిన సంఘములో మొత్తములన్నియు కుదిరెను. అందఱును సంతోషించుచుండగా ఒక ముసలి రైతు తన పద్దును చదివించుకొని, "అయ్యా, రాబోవు జులై మూడవ తేదీన నేను సొమ్ము కట్టితినా?" అని యడిగెను. అతడు కట్టినది మార్చి 7వ తేదీన. 7-3 అని యున్నచో మనకది మార్చి 7. నెలను ముందు చదువు అమెరికా పద్ధతిలో నున్న యంత్రమునకు జులై 3. తేదీ 12 దాటినచో ఈ తికమక లేదు, ఏలయన 13వ నెల లేదు. కావున 25-3 అను పద్దును మాత్రమే చూచి అంతయు సరియని నమ్మువాడు మోసపోవును.

ఇది చిన్న తప్పు కాదు. కేంద్ర ప్రభుత్వపు వడ్డీ రాయితీ పథకము క్రింద పంట ఋణమునకు వడ్డీ ఏడాదికి నూటికి 7 రూపాయలు. గడువులోపల చెల్లించినవారికి అందులో 3 రూపాయలు తగ్గును. లక్ష రూపాయల ఋణముపై ఇది ఏడాదికి 3,000 రూపాయలు. మార్చి 31 గడువైనచో, తేదీ తాఱుమాఱగుటచే సకాలమున కట్టిన రైతు ఎగవేతదారుగా కనబడును. ఆ ముసలి రైతు రశీదును దాచుకొనియుండెను. దానివలననే అతని పద్దును, అట్టివే యగు ఇతర పద్దులును దిద్దబడెను.

యంత్రము చెడని సంఘములకును ఈ పని తప్పదు. 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను ఒకే సాఫ్టువేరు క్రిందికి తెచ్చుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29న ఆమోదించెను. ఇట్లు పాత లెక్కలు క్రొత్త చోటికి మారు ప్రతి పర్యాయమును నారు పీకి నాటుట వంటిదే. నాటినపిమ్మట ఏ మొక్క నిలిచెనో మడిలో తిరిగి చూడవలయును.

కావున కార్యదర్శులు ప్రతిదినము లెక్కల నకలు తీసి, వారమునకొక పర్యాయము ఒక నకలును సంఘపు భవనమునకు వెలుపల భద్రపఱుపవలయును. ఆ నకలు తెఱచుకొనుచున్నదో లేదో అప్పుడప్పుడు పరీక్షింపవలయును. సభ్యులు రశీదులను పాఱవేయక దాచుకొని, లెక్కలు మారిన నెలలోనే సంఘమునకు పోయి, తమ పద్దును తేదీతో సహా చదివించుకొందురుగాక. విత్తనపు కుండకు మూత పెట్టుట మఱువని మన రైతులకు ఇది భారము కాదని మా నమ్మకము.