నదీతీరంలో చమురు కాలుష్యం: ప్రాజెక్టు ప్రణాళిక

హైదరాబాదులో మూసీ నదిలో కలిసే ఒక మురుగు కాలువ పక్కన వాహన మరమ్మతు షెడ్లు ఉన్నాయనుకోండి. నీటిపై రంగురంగుల పొర మీకు కనిపించింది. అది షెడ్ల నుంచి వచ్చిన నూనేనని నివేదికలో రాయవచ్చా? రాయకూడదు. మీ అంచనా తప్పయితే అక్కడ పనిచేసేవారిపై నింద పడుతుంది. అసలు కారణం మరుగునపడుతుంది. అందువల్ల ముందుగా ప్రణాళిక అవసరం.

1. ప్రాథమిక పరిశీలన

ఇనుము ఎక్కువగా ఉన్న నీటిలో కొన్ని బాక్టీరియాలు కూడా ఇటువంటి మెరిసే పొరను ఏర్పరుస్తాయి. గట్టుమీద నుంచే పొడవాటి కర్రతో పొరను కదపండి. బాక్టీరియా పొర పెంకుల్లా విడిపోతుంది. చమురు పొర తిరిగి కలుస్తుంది. ఇది సూచన మాత్రమే, రుజువు కాదు.

2. ప్రశ్నను రూపొందించడం

‘మూసీలో చమురు కాలుష్యం’ అనేది అంశం. ‘ఈ కాలువ కలిసిన తరవాత నదినీటిలో చమురు, గ్రీజు పరిమాణం పెరుగుతోందా?’ అనేది ప్రశ్న. దీనికి జవాబు కోసం సంగమస్థానానికి ఎగువన, కాలువలో, దిగువన ఒకే రోజున మూడేసి నమూనాలు తీసుకోవాలి. ఎగువ నమూనా లేకపోతే పోల్చడానికి ఆధారం ఉండదు.

3. నమూనా సేకరణ

చమురు ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది కాబట్టి వెడల్పు మూతి గల గాజు సీసానే వాడాలి. సీసాను నదినీటితో తొలచరాదు. తొలిస్తే గోడలకు అంటిన చమురు కూడా లెక్కలో చేరుతుంది. పిహెచ్ విలువ 2 కంటే తగ్గేలా ఆమ్లం కలిపి, చల్లగా భద్రపరచాలి. ఒంటరిగా వెళ్ళకండి, వరద సమయంలో నీటి దగ్గరకు పోకండి.

4. గణన

ప్రయోగశాలలో అధ్యాపకుని పర్యవేక్షణలో హెక్సేన్‌తో చమురును వేరుచేసి, ద్రావణిని ఆవిరి చేసి, మిగిలినదాన్ని తూచాలి. హెక్సేన్ త్వరగా అంటుకుంటుంది. దగ్గరలో మంట ఉండరాదు. 500 మి.లీ. నమూనాలో 4 మి.గ్రా. మిగిలితే, లీటరుకు 8 మి.గ్రా. అన్నమాట. మన దేశంలో నదుల వంటి ఉపరితల జలాల్లోకి వదిలే వ్యర్థజలాలకు సాధారణ పరిమితి లీటరుకు 10 మి.గ్రా. ఇది వదిలే నీటికి వర్తించే పరిమితి. నదినీటి నాణ్యతా ప్రమాణం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ప్రశ్న: ఎగువన లీటరుకు 3 మి.గ్రా., దిగువన 8 మి.గ్రా. వచ్చాయి. షెడ్లే కారణమా?

జవాబు: అలా చెప్పలేం. ఈ పరీక్షలో వంటనూనెలు, కొవ్వులు కూడా కలిసే వస్తాయి. మూడేసి నమూనాల విలువలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే, కాలువ కలిసిన తరవాత పరిమాణం పెరిగిందని మాత్రమే రాయండి. షెడ్ల పాత్ర తెలియాలంటే కాలువలోనే వాటికి ముందు, తరవాత నమూనాలు తీయాలి.